కళాకారుల ప్రెస్ నోట్: అపోహలు - వాస్తవాలు

శ్రీకాళహస్తిలో కలంకారీ నేర్చుకుని, చాలా ఏళ్లుగా తిరుపతిలో అదే వృత్తిగా బతుకుతున్నాను. నా ప్రదర్శనలకు ప్రెస్ నోట్లు నేనే రాసుకోవడంతో మొదలైన పని, ఇప్పుడు తెలిసిన చిత్రకారులకూ, మాధవమాల కొయ్యబొమ్మల పనివారికీ, నాట్య గురువులకూ రాసి పెట్టేదాకా వచ్చింది. అందరూ అడిగే సందేహాలూ, పడే పొరపాట్లూ దాదాపు ఒకటే కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: పని బాగుంటే పత్రికలవాళ్లే వెతుక్కుంటూ వస్తారు.

రారు. తిరుపతిలో పనిచేసే విలేకరికి శ్రీవారి దర్శనానికి వచ్చే ప్రముఖులతో, దేవస్థానం ప్రకటనలతో, విశ్వవిద్యాలయాలతో, పోలీసు కేసులతోనే పొద్దు గడిచిపోతుంది. ఆయనకు మన మీద చిన్నచూపేమీ ఉండదు. మన సంగతి ఆయన దాకా చేరలేదు, అంతే.

అపోహ: ప్రెస్ నోట్ సన్మాన పత్రంలా ఉండాలి.

నేను రాసిన మొదటి నోటు ‘కళామతల్లి ముద్దుబిడ్డ, బహుముఖ ప్రజ్ఞాశాలి’ అని నా గురించే మొదలై పేజీన్నర సాగింది. దాన్ని చదివిన సబ్ ఎడిటర్ ఫోన్ చేసి, “అంతా బాగుందన్నా, ఇంతకీ ఎగ్జిబిషన్ ఎప్పుడు, యాడ?” అని అడిగారు. ఆ రెండు వివరాలూ నోటులో లేకపోలేదు, కానీ చివరి పేరాలో, ధన్యవాదాలకు కొంచెం పైన ఉన్నాయి. చోటు చాలనప్పుడు డెస్క్‌లో వార్తను కింది నుంచి కత్తిరిస్తారు కాబట్టి, ముఖ్యమైన వివరాన్ని చివర పెట్టడమంటే దాన్ని మన చేతులతో మనమే కత్తెరకు అప్పగించడమే.

పైగా ‘అద్భుతం’, ‘అపూర్వం’ అనే మాటలను విలేకరి తన పేరు మీద రాయలేరు. అవి ప్రేక్షకులో, విమర్శకులో అనవలసిన మాటలు. పత్రికా ప్రకటనకు, అంటే ఈ ప్రెస్ నోట్‌కు, ఆద్యుడిగా చాలామంది చెప్పుకునే అమెరికన్ ఐవీ లీ, 1906లో అట్లాంటిక్ సిటీ దగ్గర జరిగిన ఒక రైలు ప్రమాదం గురించి రైలు కంపెనీ తరఫున పత్రికలకు వివరాలు పంపారు. పొగడ్తకు అసలు తావే లేని సందర్భంలో పుట్టిన ప్రక్రియను మనం బిరుదులతో నింపుతున్నామని తెలిసినప్పుడు నాకు నవ్వొచ్చింది.

ఇప్పుడు నేను మొదటి పేరాను ఇలా రాస్తున్నాను: ‘శ్రీకాళహస్తికి చెందిన కలంకారీ కళాకారిణి ఫలానా, తిరుపతి గంగమ్మ జాతరలో భక్తులు వేసే వేషాలను తొమ్మిది గజాల గుడ్డపై చిత్రించారు. నాలుగు నెలల్లో పూర్తయిన ఈ చిత్రాన్ని ఫలానా తేదీ శనివారం ఉదయం 10 గంటల నుంచి సాయంత్రం 6 గంటల వరకు ఫలానా హాలులో ప్రదర్శిస్తారు. ప్రవేశం ఉచితం.’ ఇక్కడితో కత్తిరించినా పాఠకుడు హాలుకు రాగలడు. బైరాగి వేషం నుంచి మాతంగి వేషం దాకా ఏవేవి గీశారో రెండో పేరాలోనూ, కళాకారిణి ఎవరి దగ్గర నేర్చుకున్నారో మూడో పేరాలోనూ చెప్పవచ్చు. ఆమె సొంత మాటలు ఒకటి రెండు వాక్యాలు ఉండాలి, అయితే అవి ఆమె నిజంగా అన్న మాటలై ఉండాలి. ‘కళను బతికించడమే నా ధ్యేయం’ అనే వాక్యాన్ని ఏ కళాకారుడి నోట్లో పెట్టినా సరిపోతుంది కనుక దాన్ని ఎవరి నోట్లోనూ పెట్టను.

అపోహ: అవార్డు వస్తేనో, మంత్రిగారు వస్తేనో తప్ప వార్త కాదు.

నా అనుభవంలో విలేకరులు ఎక్కువ ప్రశ్నలు అడిగేది పని గురించే. కరక్కాయ, గేదెపాలు కలిపిన నీళ్లలో గుడ్డను నానబెడతామనీ, చింతబరికెను కాల్చిన బొగ్గుతో మొదటి గీత గీస్తామనీ, ఇనుప తుక్కు, బెల్లం నీళ్లలో వారాల తరబడి ఊరిన కసిమితో నల్ల గీత వేస్తామనీ, పటిక అద్దిన చోటే ఎరుపు నిలుస్తుందనీ చెబుతుంటే, అప్పటిదాకా పెన్ను మూసి కూర్చున్న కుర్ర విలేకరి కూడా రాసుకోవడం మొదలుపెడతాడు. మనకు రోజూ చూసి పాతబడిన పని, చదివేవారికి కొత్త.

అలాగని అన్నీ ఆయనకు తెలిసే ఉంటాయని అనుకోకూడదు. ఒకసారి నా బొమ్మలను ‘అచ్చులతో అద్దిన కలంకారీ’ అని వేశారు. అచ్చుల పని మచిలీపట్నం, పెడన వారిది. మాది చేత్తో, కలంతో గీసేది. తప్పు విలేకరిదని కొన్నాళ్లు కోపగించుకున్నాను గానీ, ఆ తేడా నా నోటులో ఎక్కడా లేదు. అప్పటి నుంచి అడుగున నాలుగు వాక్యాల నేపథ్యం జోడిస్తున్నాను: కలం పనికీ అచ్చు పనికీ తేడా, శ్రీకాళహస్తి కలంకారీకి 2005-06లో దక్కిన భౌగోళిక గుర్తింపు, జొన్నలగడ్డ గురప్ప చెట్టి గారికి 2008లో వచ్చిన పద్మశ్రీ. జిల్లా పేరు కూడా చూసుకోవాలి. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడినప్పటి నుంచి శ్రీకాళహస్తి అందులో ఉంది. పాత అలవాటుకొద్దీ చిత్తూరు జిల్లా అని రాస్తే నోటు వేరే జిల్లా పేజీకి పోయే ప్రమాదం ఉంది.

అపోహ: ఏదో ఒక ఫొటో పెడితే చాలు.

వేదిక మీద శాలువాలతో వరుసగా నిలబడ్డ పదిమంది ఫొటోలో కళ కనిపించదు. గుడ్డ మీదకు వంగి కలం పట్టుకున్న మనిషి, ఆ చెయ్యి, సగం నిండిన బొమ్మ ఒక్క ఫ్రేములో ఉంటే, రాసింది కత్తిరించినా ఫొటో నిలుస్తుంది. వాట్సాప్‌లో మామూలుగా పంపితే నాణ్యత తగ్గుతుంది కాబట్టి డాక్యుమెంట్‌గా పంపి, కింద ఎడమ నుంచి ఎవరెవరో రాయండి. నోటును మాత్రం లెటర్‌హెడ్ మీద ముద్రించి ఫొటో తీసి పంపకండి, డెస్క్‌లో మళ్లీ మొత్తం టైపు చేయాల్సి వస్తుంది. డీటీపీ సెంటర్‌లో అను ఫాంటుతో కొట్టించిన ఫైలు, ఆ ఫాంటు లేని ఫోనులో పిచ్చిగీతల్లా తెరుచుకుంటుంది. యూనికోడ్‌లో టైపు చేసి నేరుగా మెయిల్‌లోనే పెట్టడం మేలు.

అపోహ: ఎప్పుడు పంపినా వేస్తారు.

శ్రీవారి బ్రహ్మోత్సవాల తొమ్మిది రోజుల్లో, ముఖ్యంగా గరుడ సేవ నాడు, చిత్రకళా ప్రదర్శనకు జిల్లా పేజీలో చోటు అడగడం అత్యాశే. శ్రీకాళహస్తిలో శివరాత్రి రోజులూ అంతే. మిగతా రోజుల్లో నాలుగైదు రోజుల ముందు ఒకసారి, ముందురోజు మధ్యాహ్నంలోగా మరోసారి పంపుతాను.

అపోహ: డబ్బిస్తేనే వేస్తారు.

వ్యాపార ప్రకటనకు (యాడ్‌కు) రేటు ఉంటుంది, వార్తకు ఉండదు. యాడ్‌ను వార్తలా కనిపించేలా వేయకూడదని ప్రెస్ కౌన్సిల్ నియమావళి కూడా చెబుతోంది. ‘యాడ్ ఇస్తే చూద్దాం’ అన్నవారు నాకూ తగిలారు. నమస్కారం పెట్టి వచ్చేశాను.

చివరగా నా తప్పు ఒకటి. ఒక నోటులో 14వ తేదీ శనివారం అని రాశాను. ఆ నెల 14 ఆదివారం. ఎవరూ గమనించలేదు, అలాగే అచ్చయింది. శనివారం ఉదయం హాలు వాచ్‌మన్ ఫోన్ చేసి, చంద్రగిరి నుంచి ఒక ముసలాయన, ఆయన భార్య బస్సులో వచ్చి తాళం వేసిన తలుపు ముందు కూర్చున్నారని చెప్పాడు. జాతర వేషాల గుడ్డను చుట్టి స్కూటర్ మీద పెట్టుకుని వెళ్లి వరండాలోనే పరిచాను. ఆమె చెప్పులు విడిచి, గుడ్డ అంచు తొక్కకుండా చుట్టూ నడుస్తూ, ఒక్కో వేషం దగ్గరా ఆగి చూసింది.