తుఫాను గీతకి మన ఊరు ఏ పక్కన ఉంది?

కాకినాడ పోర్టులో ఎనిమిదో నంబరు ప్రమాద హెచ్చరిక తీసేసి పదో నంబరు పెట్టారని వాట్సాప్‌లో రాగానే మా కోనసీమలో ఫోన్లు మోగడం మొదలవుతుంది, తుఫాను బాగా ముదిరిపోయిందట అని. నిజానికి ఎనిమిది, తొమ్మిది, పది మూడూ ఒకే తీవ్రతకి గుర్తులు. తీవ్ర తుఫాను వచ్చే దారికి పోర్టు ఎడమ పక్కన పడితే ఎనిమిది, కుడి పక్కన పడితే తొమ్మిది, పోర్టు మీదుగానో బాగా దగ్గరగానో దాటుతుందంటే పది. అంతకంటే తక్కువ తుఫానుకి ఐదు, ఆరు, ఏడు నంబర్లు ఇదే వరసలో ఉంటాయి. ఇది ఓడల కోసం పెట్టిన పద్ధతే గానీ, మనం ఎప్పుడూ అడగని ప్రశ్న అందులో ఉంది. తుఫాను ఎంత పెద్దదని అడుగుతాం, దానికి మనం ఏ పక్కన ఉన్నామని అడగం.

భూమధ్యరేఖకి ఉత్తరాన తుఫాను గాలి గడియారం ముల్లుకి ఎదురుగా తిరుగుతుంది. మన తీరం ఆగ్నేయానికి తిరిగి ఉంది, తుఫాను కూడా ఎక్కువగా అటునుంచే వస్తుంది. దానితోపాటు మనమూ సముద్రంలోంచి కోనసీమ ఒడ్డుకి వస్తున్నామనుకోండి. కుడిచేతి వైపు, అంటే కాకినాడ, ఉప్పాడ వైపు, గాలి సముద్రం మీంచి నేల మీదికి కొడుతూ నీళ్ళని తోసుకొస్తుంది. లోతు తక్కువున్న చోట ఆ నీళ్ళకి పోయే దారి ఉండదు, ఒడ్డెక్కుతాయి. ఉప్పెన అంటే అదే. ఎడమచేతి వైపు, మచిలీపట్నం వైపు, గాలి నేల మీంచి సముద్రంలోకి వీస్తుంది కాబట్టి చెట్లు పడినా ఉప్పెన భయం చాలా తక్కువ.

1977 నవంబరు 19న తుఫాను కేంద్రం దాటింది చీరాల దగ్గర. వేలమంది కొట్టుకుపోయింది మాత్రం అక్కడికి సుమారు 65 కిలోమీటర్ల అవతల, కుడి పక్కనున్న దివిసీమలో. తీరం దాటే చోటు పేరు విని, అది మనది కాదులే అని ఊపిరి పీల్చుకోవడం ఎంత ప్రమాదమో చెప్పడానికి నాకు ఇంతకంటే పెద్ద ఉదాహరణ దొరకదు.

మరి ఏ పక్కో ముందే చెప్పేయొచ్చుగా అంటారా. తుఫానుకి సొంత ఇంజిన్ లేదు. కాలువలో పడ్డ కొబ్బరికాయ నీళ్ళు ఎటు పోతే అటే పోయినట్టు, పైన వీచే పెద్ద గాలులు దాన్ని లాక్కుపోతాయి. ఆ గాలులు బలహీనపడితే తుఫాను ఆగి ఆలోచిస్తున్నట్టు నిలబడిపోతుంది. అందుకే వాతావరణ శాఖ తుఫాను వెళ్ళే దారి చూపే గీతతోపాటు దాని చుట్టూ గరాటులాంటి ఆకారం కూడా గీస్తుంది. చాలామంది అదే తుఫాను సైజు అనుకుంటారు, కానీ కేంద్రం ఆ లోపల ఎక్కడికైనా పోవచ్చని మాత్రమే దాని అర్థం. ఒకరోజు ముందు వేసిన అంచనాలో కూడా సగటున 70, 80 కిలోమీటర్ల తేడా వస్తుంది. అంతర్వేది నుంచి కాకినాడకి సూటిగా కొలిస్తే 90 కిలోమీటర్లు! అంటే రేపు రాత్రి దాటే తుఫాను నరసాపురం దగ్గర దాటి మొత్తం కోనసీమని కుడి పక్కన పెడుతుందో, కాకినాడ దగ్గర దాటి ఎడమ పక్కన వదిలేస్తుందో ఈ రోజు ఖాయంగా చెప్పడం కష్టం.

2022 మేలో అసని తుఫాను ఒడిశా వైపు తిరిగిపోతుందని అంచనా వేస్తే, అది మన వైపే వచ్చి, బలహీనపడి, మచిలీపట్నం, నరసాపురం మధ్య తీరాన్ని తాకింది. 2018 డిసెంబరులో పెథాయ్ కాట్రేనికోన దగ్గర ఒడ్డుకి చేరేలోపే బలం తగ్గిపోయింది. అలాంటప్పుడు పునరావాస కేంద్రం నుంచి ఇంటికొచ్చిన వాళ్ళు "ఏమీ రాలేదు, అనవసరంగా తిప్పారు" అని విసుక్కుంటారు. పిల్లల్ని, గేదెల్ని పట్టుకుని పరిగెత్తినవాళ్ళ కోపం నాకు అర్థమవుతుంది. కానీ ఆ 90 కిలోమీటర్లలో ఏ ఊరికి ఉప్పెన వస్తుందో తెలియనప్పుడు అన్ని ఊళ్ళనీ కదపడం తప్ప వేరే మార్గం లేదు.

ఎందుకంటే 1996 నవంబరు 6 రాత్రి ఉంది. కేంద్రం కాకినాడకి దక్షిణంగా సుమారు 50 కిలోమీటర్ల దగ్గర, అంటే కోనసీమ మీదే దాటింది. వెయ్యిమందికి పైగా చనిపోయారు, చేపల వేటకెళ్ళిన చాలామంది తిరిగి రాలేదు. భైరవపాలెం, బలుసుతిప్ప ఊళ్ళ పేర్లు చెబితే ఇప్పటికీ పెద్దవాళ్ళ గొంతు మారిపోతుంది. కొబ్బరి చెట్లు లక్షల్లో పోయాయి, కొబ్బరి మీదే బతికే ఇళ్ళకి మళ్ళీ కాపు చూడ్డానికి ఏళ్ళు పట్టింది. గాలి వేగం రెట్టింపైతే దాని తోపుడు నాలుగింతలవుతుంది, చెట్టు తట్టుకోలేనిది అందుకే.

వేటకెళ్ళే వాళ్ళకి పోటు, పాటు, అంటే సముద్రం రోజూ ఎక్కడం, దిగడం, నేను చెప్పక్కర్లేదు, మిగతావాళ్ళం మాత్రం అది మర్చిపోతాం. అదే తుఫాను పాటు వేళ దాటితే ఒకలాగ, పోటు వేళ దాటితే ఇంకోలాగ ఉంటుంది, ఎందుకంటే ఉప్పెన పోటు మీదికెక్కి వస్తుంది. అమావాస్య, పున్నమి దగ్గర పడితే మరీ ఎక్కువ. నీళ్ళు సముద్రపు ఒడ్డునే ఆగవు, గౌతమి, వైనతేయ, వసిష్ఠ పాయల్లోంచి ఎదురెక్కుతాయి, అందుకే సముద్రం కనపడని లంక ఊళ్ళకి కూడా హెచ్చరిక ఇస్తారు.

ఇంకొకటి, రాత్రి గాలి ఒక్కసారిగా ఆగిపోయిందంటే తుఫాను కన్ను మీ నెత్తిన ఉండొచ్చు. కొద్దిసేపటికి గాలి ఎదురు దిక్కు నుంచి అంతే బలంగా కొడుతుంది, తలుపు తీసి పశువుల్ని చూడ్డానికి వెళ్ళినవాళ్ళు దానికే చిక్కుకుంటారు.

టీవీలో తుఫాను అయిపోయాక మన చేలల్లో ఇంకా అయిపోదు. సముద్రం ఎత్తుగా ఉన్నంతసేపూ డ్రైన్ల నీళ్ళు దిగవు. నవంబరులో కోసిన వరి పనలు ఆ నీళ్ళలోనే నానతాయి, రెండు మూడు రోజులు దాటితే గింజ మొలకెత్తుతుంది. అప్పుడు రైతు చూసేది గాలి వేగం కాదు, పాటు ఎప్పుడొస్తుందా, డ్రైను ఎప్పుడు లాగుతుందా అని.