అడిగేది అయిదు చోట్ల, బయానా ఒక్కచోట: రీసేల్ ప్లాట్ల బేరంలో అపోహలు - వాస్తవాలు

నల్లగొండ, మిర్యాలగూడ, జడ్చర్ల, భూత్పూర్, కల్వకుర్తి. ఎటు పోయినా పాత వెంచర్లలో రీసేల్ ప్లాట్లకు కొదవ లేదు. అందుకే ఒక్కదాన్నే పట్టుకొని కూర్చోకుండా నాలుగైదింటికి ఒకేసారి బేరం పెట్టేవాళ్లు పెరిగారు. పద్ధతి మంచిదే. అడగడం ఎక్కడ ఆగుతుందో, ఒప్పందం ఎక్కడ మొదలవుతుందో తెలియనప్పుడే చిక్కు. ఈ బేరాల్లో రోజూ వినపడే మాటలు కొన్నింటిని ఇక్కడ విడదీసి చూద్దాం.

అపోహ: ఒకరితో బేరం నడుస్తుంటే ఇంకొకరిని అడగొద్దు, మాట తప్పినట్టు అవుతుంది.

రేటు అడగడం, ఇంతకైతే చూస్తానని చెప్పడం మాట ఇచ్చినట్టు కాదు. కాంట్రాక్టు చట్టం ప్రకారం అవతలివాళ్లు ఒప్పుకున్నట్టు తెలిపేలోపు మీ ప్రతిపాదనను వెనక్కి తీసుకోవచ్చు. ఒప్పుకున్నాక అలా కుదరదు. అందుకే అయిదుగురికి "సరే, ఖాయం" అని పంపి, తర్వాత నలుగురిని తప్పించుకుందామనుకోవడం ప్రమాదం. భూమి అమ్మకంలో నోటిమాట ఒప్పందం కూడా చెల్లదని లేదు, రుజువు చేయడమే కష్టం. ఆ రుజువును ఇప్పుడు మనమే వాట్సాప్‌లో రాసి ఇస్తున్నాం.

మెసేజ్ ఇలా ఉంటే చాలు: "ప్లాట్ నంబర్ 63, 200 గజాలు. గజానికి 9,200 దాకా చూస్తున్న. లింకు డాక్యుమెంట్లు, ఈసీ మా వకీలు చూసినంకనే మాట ఖాయం. ఈ రేటు ఆదివారం సాయంత్రం దాకనే." లింకు డాక్యుమెంట్లంటే ఆ ప్లాట్ పాత అమ్మకాల దస్తావేజులు, ఈసీ అంటే దాని మీద రిజిస్టరైన లావాదేవీల జాబితా. ఈ మెసేజ్‌లో పనికొచ్చేవి రెండు. కాగితాల షరతు మిమ్మల్ని కట్టుబడకుండా కాపాడుతుంది. గడువు అవతలివారిని తేల్చమంటుంది. గడువు పెట్టకుండా వదిలిన రేటు నెల తర్వాత తిరిగొస్తుంది, "ఆనాడు నువ్వే అంటివి గదా" అని.

అపోహ: ఎంతమంది ఏజెంట్లకు చెబితే అన్ని ప్లాట్లు వస్తాయి, రేటు దిగుతుంది.

చిన్న ఊళ్లలో ఇది తిరగబడుతుంది. ఒకే ప్లాట్ ముగ్గురు ఏజెంట్ల దగ్గర తిరుగుతుంటుంది. ఒకరు 9,500 అంటారు, ఇంకొకరు అదే ప్లాట్‌ను ఇంకో దిక్కు నుంచి చూపించి 10,200 అంటారు. మీరు ఇద్దరికీ రేటు చెప్పారంటే మీ పోటీకి మీరే వచ్చినట్టు. ఓనర్ దాకా పోయేది "ఇద్దరు పార్టీలు తిరుగుతున్నరు" అన్న కబురు. రేటు అక్కడే బిగుస్తుంది.

అందుకే రేటు మాట్లాడకముందే ప్లాట్ నంబర్, సర్వే నంబర్, గ్రామం, గజాలు, డాక్యుమెంట్‌లో ఉన్న ఓనర్ పేరు అడగాలి. "నంబర్ తర్వాత చెప్తా, ముందు స్పాట్ చూడు" అనేవారితో స్పాట్ చూడండి, రేటు మాత్రం అనకండి. ఒక ప్లాట్‌కు ఒక్క మధ్యవర్తి, కమీషన్ ఎంతో మొదటి రోజే. ఈ రెండూ తేలకపోతే రిజిస్ట్రేషన్ రోజున సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ముందు ఇద్దరు ఏజెంట్లు కమీషన్‌కు నిలబడతారు.

అపోహ: తలా పదివేలు టోకెన్ కొడితే అయిదు ప్లాట్లు లాక్ అయినట్టే.

ఎక్కువ డబ్బు పోయేది ఇక్కడే, కాబట్టి కొంచెం ఆగి చూద్దాం.

ముందు, టోకెన్‌తో ఏదీ లాక్ కాదు. ఆస్తి బదిలీ చట్టం 1882, సెక్షన్ 54 ప్రకారం అమ్మకపు ఒప్పందం ఒక్కటే ఆస్తిపై హక్కు ఇవ్వదు, రిజిస్టరైన సేల్ డీడ్ కావాలి. ఓనర్ రేపు ఇంకొకరికి రిజిస్ట్రేషన్ చేసి ఇస్తే మీ పదివేల రసీదు దాన్ని ఆపలేదు.

రెండోది, వాపసు. "నచ్చకపోతే ఇచ్చేస్తరులే" అనేది ఏజెంట్ మాట, ఓనర్ మాట కాదు. బయానా వేరు, అడ్వాన్సు వేరు. ఒప్పందం నిలబెడతాననడానికి ఇచ్చిన బయానాను, కొనేవాడు వెనక్కి తగ్గితే అమ్మేవాడు ఉంచుకోవచ్చు. ధరలో భాగంగా ఇచ్చిన అడ్వాన్సును అలా ఉంచుకోవాలంటే ఒప్పందంలో ఆ మాట స్పష్టంగా ఉండాలి. ఈ తేడాను సుప్రీంకోర్టు సతీశ్ బత్రా కేసులో 2012లో తేల్చి చెప్పింది. రసీదులో ఏ పదం రాశారు, ఏ షరతు రాశారు అన్నదాని మీద మీ డబ్బు ఆధారపడి ఉంటుంది. అయిదు చోట్ల యాభై వేల చొప్పున ఇచ్చి ఒక్కటే కొంటే, మిగిలిన రెండు లక్షలు నలుగురి దయ మీద ఉన్నట్టు.

మూడోది ఎవరూ చెప్పరు. అమ్మేవాడు మాట తప్పితే రిజిస్ట్రేషన్ చేయించమని కోర్టుకు పోవచ్చు. అయితే ఒప్పందం నాటి నుంచి డబ్బుతో సిద్ధంగా ఉన్నానని కొనేవాడు చూపించాలి. చేతిలో 20 లక్షలు పెట్టుకొని అయిదు ప్లాట్లకు, అంటే కోటి రూపాయలకు, అగ్రిమెంట్ రాసుకున్నవాడు ఏ ప్లాట్‌కు సిద్ధంగా ఉన్నట్టు? అవతలి వకీలు మొదట అడిగే ప్రశ్న ఇదే.

నాలుగోది నగదు. స్థిరాస్తి లావాదేవీలో 20 వేలు, ఆపైన నగదుగా తీసుకుంటే తీసుకున్నవారికి అంతే మొత్తం జరిమానా పడే అవకాశం ఉంది. 2015 జూన్ నుంచి ఉన్న నిబంధన ఇది. బేరం చెడి అదే డబ్బును నగదుగా తిరిగి ఇచ్చినా చిక్కే. కాబట్టి "క్యాష్ అయితే రేటు తగ్గిస్త" అన్నా టోకెన్ బ్యాంకు ద్వారానే పంపండి. అది కూడా ఏజెంట్ ఖాతాకు కాదు, డాక్యుమెంట్‌లో పేరున్న ఓనర్ ఖాతాకు.

"అన్నా, ఇంకో పార్టీ పొద్దుగాల వస్తున్నడు, ఈ రాత్రికే యాభై వేలు కొట్టు" అన్న ఫోన్ వస్తే, కొట్టకముందు ఒక పేజీ రాయించండి. ప్లాట్, సర్వే నంబర్లు, నాలుగు హద్దులు, గజాలు, గజం రేటు, ఇచ్చిన మొత్తం, ఎల్ఆర్ఎస్ (అనుమతి లేని లేఅవుట్‌లో ప్లాట్ క్రమబద్ధీకరణ) ఎవరి ఖర్చు అన్నవి. ఆపైన ఈ వాక్యం: "15 రోజుల్లో కాగితాల్లో లోపం తేలినా, కొలతలో గజాలు తగ్గినా, ఈ మొత్తం వారం లోపల తిరిగి చెల్లించబడును." ఈ వాక్యం రాయనంటే అక్కడికి టోకెన్ వద్దు.

అపోహ: అమ్మేటాయన తప్పితే డబుల్ ఇయ్యాలె.

రాసుకుంటేనే. ఊళ్లో పెద్దమనుషులు అలా తీర్పు చెప్తారేమో గానీ, చట్టంలో దానంతట అదే వచ్చే హక్కు కాదు. రాసుకున్నా అంతా ఇప్పిస్తారని లేదు, కోర్టు సమంజసమైనంత వరకే చూస్తుంది.

అపోహ: తక్కువ గజం రేటు వచ్చిందే మంచి బేరం.

అయిదు చోట్ల నుంచి రేట్లు వచ్చాక గజం రేటు పక్కపక్కన పెట్టి చూస్తే మోసపోతాం. ఉదాహరణకు రెండు ప్లాట్లు తీసుకుందాం. మొదటిది 9,400, రెండోది 10,200, రెండూ కాగితం మీద 200 గజాలే.

మొదటిది టేపు పెడితే 30 అడుగులు, 57 అడుగులు. అంటే 1,710 చదరపు అడుగులు, తొమ్మిదితో భాగిస్తే 190 గజాలు. పక్క ప్లాటాయన గోడ జరిపి ఉండొచ్చు, రోడ్డు మూల కోసి ఉండొచ్చు. పైగా దానికి ఎల్ఆర్ఎస్ కాలేదు, దానికి 80 వేలు పడుతుందనుకుందాం. 18,80,000కు 80,000 కలిపితే 19,60,000. 190 గజాలతో భాగించండి, గజం 10,315 పైనే. రెండోది అప్రూవ్డ్ లేఅవుట్, కొలత సరిపోయింది, 10,200. చవక అనుకున్నదే ప్రియం.

కొలిచేటప్పుడు నాలుగు పక్కలు చూస్తే సరిపోదు. 30, 60 అడుగుల ప్లాట్‌కు మూల నుంచి మూలకు 67 అడుగుల ఒక అంగుళం రావాలి, రెండు మూలలకూ. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ వస్తే ప్లాట్ వంకరగా ఉన్నట్టు. ఇల్లు ప్లాన్ వేసేటప్పుడు ఆ వంకర తెలుస్తుంది.

రిజిస్ట్రేషన్ ఖర్చు రెండింటికీ ఉంటుంది. తెలంగాణలో 2021 జులై నుంచి సేల్ డీడ్‌కు స్టాంపు డ్యూటీ 5.5, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 0.5, మొత్తం 7.5 శాతం. రాసుకున్న ధర, ప్రభుత్వ విలువ, రెండింట్లో ఏది ఎక్కువైతే దాని మీద. 20 లక్షలకు లక్షన్నర. ఈ లక్షన్నరను పక్కన పెట్టకుండా అయిదు బేరాలు మొదలుపెట్టేవాళ్లే ఎక్కువ. ధర 50 లక్షలు, ఆపైన ఉంటే ఒక శాతం టీడీఎస్ (అమ్మేవారి తరఫున ముందే కోసే ఆదాయపు పన్ను) పట్టుకొని కట్టాల్సింది కొనేవారే.

అపోహ: ఒకే వెంచర్‌లో అయిదు ప్లాట్లకు బేరం పెడితే ఏదో ఒకటి సేఫ్‌గా దొరుకుతుంది.

వెంచర్ ఒక్కటైతే భూమి మూలం కూడా ఒక్కటే. మూలంలో లోపముంటే అయిదింటికీ అదే లోపం. మన దిక్కు పాత గ్రామపంచాయతీ వెంచర్లలో కనిపించే అసలు జబ్బు ఇది: ప్లాట్లు చేసి అమ్మేసినా రెవెన్యూ రికార్డులో ఆ ఎకరాలు రైతు పేరు మీదే మిగిలిపోతాయి. కొన్నేళ్లకు వారసులు పట్టా పాసుపుస్తకం మీద అదే భూమిని ఎకరాల లెక్కన మళ్లీ అమ్ముతారు. కొత్తగా కొన్నాయన హద్దురాళ్లు పీకేసి పత్తి వేస్తాడు. ప్లాటోళ్ల దగ్గర రిజిస్టర్డ్ డాక్యుమెంట్లు ఉంటాయి, భూమి మీద పత్తి చేను ఉంటుంది.

కాబట్టి "ఒకసారి రిజిస్ట్రేషన్ అయిన రీసేల్ ప్లాటే గదా" అన్నది హామీ కాదు. సర్వే నంబర్‌ను ప్రభుత్వ భూరికార్డుల పోర్టల్ భూభారతిలో చూడండి. ఇంకా వ్యవసాయ భూమిగానే ఉందా, నాలా మార్పిడి (వ్యవసాయేతర భూమిగా మార్చడం) అయిందా, ఎవరి పేరు చూపిస్తోంది? రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో నిషేధిత జాబితా చూడండి. అసైన్డ్, వక్ఫ్, దేవాదాయ భూములు అందులో ఉంటాయి. చౌటుప్పల్ నుంచి ఆమనగల్, షాద్‌నగర్ దిక్కు ట్రిపుల్ ఆర్ (రీజినల్ రింగ్ రోడ్డు) పేరుతో రేటు చెప్పే ప్లాట్లయితే, సర్వే నంబర్ భూసేకరణ నోటిఫికేషన్లలో ఉందేమో కూడా చూడాలి. రోడ్డు దగ్గరుంటే రేటు పెరగొచ్చు, రోడ్డులోనే ఉంటే ప్లాట్ ఉండదు.

మూడు బేరాలు పెడితే మూడు వేర్వేరు వెంచర్లలో పెట్టండి.

అపోహ: ఈసీ క్లియర్ ఉంటే ఇంకేం చూడనక్కర్లేదు.

ఈసీలో రిజిస్టర్ అయినవే వస్తాయి. ఇంకొకరు బయానా ఇచ్చి తెల్లకాగితం మీద రాసుకున్న అగ్రిమెంట్ అందులో కనపడదు. ఒరిజినల్ డాక్యుమెంట్లు బ్యాంకులో కుదువ పెట్టినా ప్రతిసారీ కనపడదు. జిరాక్సులు చూసి రేటు చెప్పొచ్చు గానీ, బయానాకు ముందు ఒరిజినల్ కళ్లతో చూడాలి. "ఒరిజినల్ మా బామ్మర్ది దగ్గరుంది" అంటే, బ్యాంకుల్లో కుదువ పెట్టిన ఆస్తుల కేంద్ర రిజిస్టర్ సెర్సాయ్‌లో వెతికించండి. ఓనర్ పేరుతో ఈ-కోర్టుల సైట్‌లో కేసులు చూడండి. వకీలుతో పత్రికలో ప్రకటన ఇప్పిస్తే పాత అగ్రిమెంట్‌వాళ్లు బయటపడే అవకాశం ఉంది.

ఆన్‌లైన్ ఈసీ 1983 నుంచే ఉంటుంది, అంతకుముందుది ఆఫీసులోనే తీయాలి. డాక్యుమెంట్ నంబర్‌తో ఒకసారి, సర్వే నంబర్‌తో ఇంకోసారి తీయండి. ఒకదాంట్లో రానిది రెండోదాంట్లో వస్తుంది. పాత డాక్యుమెంట్‌లో మహబూబ్‌నగర్ జిల్లా అని ఉండి, ఊరు ఇప్పుడు నాగర్‌కర్నూల్‌లోనో వనపర్తిలోనో ఉంటే అది లోపం కాదు, 2016లో జిల్లాలు మారాయి.

ఓనర్ చనిపోయి ఉంటే వారసులందరూ సంతకం పెట్టాలి, పెళ్లయిన ఆడపిల్లలతో సహా. జీపీఏ (ఓనర్ తరఫున అమ్మే అధికారం ఇంకొకరికి ఇచ్చిన పత్రం) మీద అమ్ముతుంటే జీపీఏ ఇచ్చినాయన బతికున్నారో లేదో కనుక్కోండి. ఆయన పోతే మామూలు జీపీఏ కూడా పోయినట్టే.

అపోహ: ఒకటి కుదిరినా మిగిలినవాళ్లను ఆశలో ఉంచాలి, ఇది తప్పితే అది ఉంటుంది.

పది ప్లాట్ల వివరాలు తెప్పించుకుంటే కాగితాల దగ్గర సగం పైనే పోతాయి. మిగిలినవాటిలో మూడింటికి రేటు చెప్పండి, ఒక్కదానికి బయానా ఇవ్వండి. ఇచ్చిన రోజే మిగతా ఇద్దరికీ "వేరే దగ్గర కుదిరింది, మీరు చూసుకోండి" అని మెసేజ్ పెట్టండి. అలా చెప్పినాయనకు ఈ బేరం చెడినా మళ్లీ ఫోన్ చేయొచ్చు. చెప్పకుండా తిప్పినాయన పేరు ఆ ఊరి ఏజెంట్లందరి దగ్గరా తిరుగుతుంది.

ఆ మూడింటి ఈసీలు, జిరాక్సులు రిజిస్ట్రేషన్ అయ్యేదాకా పారేయకండి. బయానా ఇచ్చిన ప్లాట్‌కు మాత్రం రిజిస్ట్రేషన్ స్లాట్ రోజు పొద్దున, డీడీ ఇవ్వకముందు, ఈసీ మళ్లీ తీయాలి. నెల కిందట తీసిన ఈసీకి, ఆ పొద్దుటి ఈసీకి మధ్య కొత్త లైను ఒకటి చేరితే అక్కడే ఆగాలి.