వేన్నీళ్ల రాడ్డు, ఎర్తు లేని ఇల్లు: ఒక పాత లోపం వెనుక చరిత్ర

చలికాలం వచ్చిందంటే, ముఖ్యంగా ధనుర్మాసం మొదలుకొని భోగి తలంటు దాకా, కరెంటు రాడ్డు వేసిన వేన్నీళ్ల బక్కెట్లో చెయ్యి పెట్టి షాక్ తగిలి మరణించినవారి గురించి పత్రికల జిల్లా పేజీల్లో చదవవలసి వస్తూ ఉంటుంది. ఆ వార్తల్లో కారణం "షార్ట్ సర్క్యూట్" అన్న మాటతో ముగిసిపోతుంది. విజయనగరంలో ఐ.టి.ఐ. పూర్తిచేసి, ఇటువంటి రాడ్లలో వేడి పుట్టించే హీటింగ్ ఎలిమెంట్లు తయారుచేసే ఒక కర్మాగారంలో పరీక్షల విభాగంలో ఉద్యోగం చేసిన నాకు ఆ మాట సరైనదిగా కనిపించదు. నిజంగా షార్ట్ సర్క్యూట్ అయితే ఫ్యూజు కాలిపోయి సరఫరా ఆగిపోతుంది. ఇక్కడ జరిగేది కరెంటు కొద్దికొద్దిగా లీకు కావడం. ఫ్యూజును కదిలించలేని ఆ కొద్దిపాటి కరెంటు మనిషి గుండెను ఆపడానికి చాలు.

ప్రమాదాన్ని బయటికి పంపే దారి లేకపోవడమే ఇక్కడి లోపం. నీళ్లు కాచే యంత్రం పుట్టుకలోనే ఇటువంటి లోపం ఉంది. 1868లో లండన్‌లో బెంజమిన్ వాడీ మాన్ అనే అలంకరణ చిత్రకారుడు గ్యాసుతో నీళ్లు కాచే గీజరుకు పేటెంటు పొందాడు కానీ, దానికి పొగ బయటికి పోయే గొట్టం లేదు. నీళ్లను నిలవ ఉంచి, తనంతట తానే వేడి చేసుకునే హీటరును 1889లో ఎడ్విన్ రూడ్ అనే నార్వే ఇంజనీరు అమెరికాలో రూపొందించాడు. విద్యుత్తుతో వేడి పుట్టించాలంటే ఎర్రగా కాగినా గాలికి తుప్పుపట్టి తెగిపోని తీగ కావాలి. 1905 ప్రాంతంలో ఆల్బర్ట్ మార్ష్ నికెల్, క్రోమియం కలిపి నిక్రోమ్ తీగను తయారుచేశాకే ఇస్త్రీపెట్టె మొదలుకొని రాడ్డు దాకా అన్నీ సాధ్యమయ్యాయి. ఆ తీగ చుట్టను లోహపు గొట్టంలో పెట్టి, చుట్టూ మెగ్నీషియం ఆక్సైడ్ పొడిని కూరే పద్ధతి తరువాత వచ్చింది. అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థ దానిని "కాల్‌రాడ్" పేరుతో అమ్మింది. మన ఇళ్లలోని రాగి రాడ్డు కూడా ఆ పద్ధతిలో తయారయ్యేదే.

మా కర్మాగారంలో అందరికన్నా జాగ్రత్తగా మెలగవలసినవారు ఆ పొడి నింపే విభాగంవారే. మెగ్నీషియం ఆక్సైడ్ వేడిని బయటికి పంపుతుంది, కరెంటును ఆపుతుంది. ఒకే పదార్థం ఈ రెండు పనులూ చేయడం అరుదు. అయితే దానికి తేమను పీల్చుకునే గుణం ఉంది. పొడి నింపిన గొట్టాన్ని రోలర్ల మధ్య నొక్కి సన్నబరచి, వంచి, ఓవెన్‌లో ఆరబెట్టి, చల్లారకముందే రెండు కొసలకూ సీలు వేయాలి. సీలు వేయడంలో ఆలస్యమైతే ఆ గొట్టాలను మళ్లీ ఓవెన్‌కు పంపేవాళ్లం. ఆపైన నా బల్ల మీదికి వచ్చిన ప్రతి ఎలిమెంటునూ కరెంటు లీకును పట్టే 500 వోల్టుల మెగ్గర్ అనే పరికరంతో పరీక్షించేవాణ్ణి. వానాకాలంలో వెనక్కి పోయేవాటి సంఖ్య పెరిగేది. చవక సరుకు తయారుచేసేవారు డబ్బు మిగుల్చుకునేది సరిగ్గా ఈ ఆరబెట్టడంలో, ఈ సీలులో, ఈ పరీక్షలోనే. కొన్నవారి కంటికి అది కనబడదు, ఎందుకంటే పై మెరుగు అన్ని రాడ్లకూ ఒకలాగే ఉంటుంది.

ఈ సంగతిని మన తీరానికి అన్వయించి చూడాలి. శ్రీకాకుళం తీరంలోని కళింగపట్నం, భావనపాడు వైపు ఉప్పుగాలిలో, వానాకాలమంతా అటక మీద పడి ఉన్న రాడ్డు సీలు పాడైతే తేమ లోపలికి చేరుతుంది. వాడే కొద్దీ ఆ వేడికే కొంత ఆరుతుంది కాబట్టి, చలికాలంలో దానిని బయటికి తీసిన మొదటి రోజే ఎక్కువ ప్రమాదకరం. నీళ్లు లేకుండా స్విచ్ వేయడం వల్ల గొట్టం పగిలినా, బోరు నీటి సున్నం పేరుకుని లోపలి తీగ అతిగా వేడెక్కినా ఫలితం అటువంటిదే. ఇక ప్లాస్టిక్ బక్కెట్ నీళ్లను నేలకు తగలనీయదు. లీకైన కరెంటుకు నేలకు దారి ఉండదు కనుక, ముందుగా చెయ్యి పెట్టినవారే దారి అవుతారు.

ఆ దారిని ముందే చూపవలసినది, లీకైన కరెంటును నేలలోకి పంపే ఎర్తు తీగ. అది మన ఇళ్లలో చాలావాటిలో ఎందుకు లేదన్నదే అసలు ప్రశ్న. 1955లో మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం ప్రారంభమైన తరువాతి దశాబ్దాల్లో ఉత్తరాంధ్ర పల్లెల్లోకి కరెంటు వచ్చినప్పుడు, చాలా ఇళ్లకు అది ఒక బల్బు కోసం, బాగా కలిగినవారికి ఒక ఫ్యాను కోసం వచ్చింది. కరెంటును తెచ్చే ఫేజు, తిరిగి తీసుకుపోయే న్యూట్రల్, ఈ రెండు తీగలతో పని జరిగిపోయింది. అప్పట్లో వేన్నీళ్లంటే పెరట్లో పొయ్యి మీద డేగిశా, దాని కింద సరుగుడు పుల్లలు, కొబ్బరి డొక్కలు. 1999లో దీపం పథకం వచ్చి వంటకు గ్యాసు చేరింది కానీ, స్నానాల నీళ్లకు గ్యాసు ఖర్చుచేయడానికి ఎవరికీ మనసొప్పలేదు. పెరళ్లు తగ్గాయి, పుల్లలు తగ్గాయి. ఆ ఖాళీలోకి రాడ్డు వచ్చింది. 20 లీటర్ల నీళ్లను 25 డిగ్రీల నుంచి 45 డిగ్రీలకు తేవడానికి 1500 వాట్ల రాడ్డుకు ఇరవై నిమిషాలు చాలు, అయ్యేది అర యూనిట్. ఇంత సులువైన సాధనాన్ని వద్దనమని పేదవారికి నేను చెప్పలేను. కానీ అది లాగేది ఆరున్నర ఆంపియర్లు, మనం పెట్టేది ఆరు ఆంపియర్ల సాకెట్‌లో. ఎర్తు కోసం మూడో పిన్ను ఉన్నా చాలా ఇళ్లలో గోడలో దానికి తీగ ఉండదు. ఉన్నట్టు చూపడానికి దానిని న్యూట్రల్‌కు కలిపే పని కూడా కళ్లారా చూశాను. న్యూట్రల్ తెగిన రోజున ఆ రాడ్డు పైతొడుగు మొత్తానికి ఫేజు వస్తుంది.

చట్టం ఒక వైపు నుంచి మాత్రమే గట్టిగా పనిచేసిందని నాకనిపిస్తుంది. 2003లో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన నాణ్యతా నియంత్రణ ఉత్తర్వు ఇమ్మర్షన్ హీటర్లకు, అంటే ఈ రాడ్లకు, ఐ.ఎస్.ఐ. గుర్తును తప్పనిసరి చేసింది. సరుకును సరిదిద్దే నియమం ఇది. ఇంటిని సరిదిద్దే పనిని ఆచరణలో వైరింగు మేస్త్రీ మంచితనానికి వదిలేశారన్నది నా అభిప్రాయం. ఉప్పు, బొగ్గు వేసి నింపిన ఎర్తు గొయ్యి, 30 మిల్లీ ఆంపియర్ల లీకుకే సరఫరా ఆపే ఆర్.సి.సి.బి. అనే స్విచ్ ఉన్నాయో లేవో చూసిన తరువాతే కొత్త ఇంటికి మీటరు ఇవ్వాలి. ప్రభుత్వ గృహ నిర్మాణ పథకాల అంచనాల్లో ఈ రెండింటికీ విడిగా పద్దు ఉండాలి. ఇప్పటికే అటకల మీద ఉన్న రాడ్ల విషయానికి వస్తే, సంక్రాంతికి ముందు ఎలక్ట్రీషియన్ దగ్గర మెగ్గర్ పెట్టించి చూడటానికి కొద్ది నిమిషాలు చాలు. లీకును అడ్డుకునే నిరోధం ఒక మెగా ఓమ్ కన్నా తక్కువ చూపిన రాడ్డును బాగుచేయించకుండా పారేయాలి.