మైనస్ ఐదు భయం: క్విజ్ బౌల్ మీద మనవాళ్ల అపోహలు, వాస్తవాలు

జనవరిలో ఓ బుధవారం సాయంత్రం. స్కూల్ వదిలాక క్విజ్ బౌల్ (రెండు జట్లు బజర్లతో ఆడే క్విజ్) లీగ్ మ్యాచ్, జూనియర్ జట్లది. ప్రశ్నలు చదువుతున్నది నేనే. ఒక టాసప్ (ఎవరు ముందు బజర్ నొక్కితే వాళ్లు జవాబు చెప్పే ప్రశ్న) ఇలా మొదలైంది: ఈ సామ్రాజ్యాన్నేలిన ఒక రాజు గోదాదేవి కథను తెలుగులో కావ్యంగా రాశాడు. బల్ల చివర కూర్చున్న మా పదో తరగతి పిల్ల పెన్సిల్ కదిలింది. రెండో వాక్యం: పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ దీని రాజధాని రోమ్ అంత ఉందన్నాడు. పెన్సిల్ కింద గీత పడింది. మూడో వాక్యంలో 1565, తళ్లికోట యుద్ధం. నాలుగోదాంట్లో హంపి అనే మాట నా నోట్లోంచి ఇంకా పూర్తిగా రాలేదు, అవతలి బల్ల మీద లైటు వెలిగింది. పది పాయింట్లు వాళ్లకి. టాసప్ కొట్టినవాళ్లకి వచ్చే బోనస్ ప్రశ్నలు కూడా వాళ్లకే.

మ్యాచ్ అయ్యాక ఆ కాగితం చూశాను. విజయనగర అని మొదటి క్లూకే రాసుకుంది. దాని పైన, కింద ఇంకో ఎనిమిది జవాబులు, అన్నీ కరెక్టే. బజర్ నొక్కింది మాత్రం ఒక్కసారి.

"ఎందుకమ్మా నొక్కలేదు?"

"తప్పయితే మైనస్ కదా మేడమ్. నాన్న మరీ మరీ చెప్పారు."

ఇక్కడ బాధ ఏంటంటే, మా లీగ్‌లో మైనస్సే లేదు. ఇల్లినాయ్ రాష్ట్ర హైస్కూల్ సంఘం రూల్స్‌లో (ఇక్కడ ఈ ఆటని స్కోలాస్టిక్ బౌల్ అంటారు) మధ్యలో నొక్కి తప్పు చెబితే మీ జట్టుకి ఆ ప్రశ్న పోతుంది, అంతే. మైనస్ ఐదు (దాన్నే నెగ్ అంటారు) ఉండేది శనివారాలు జరిగే ఇన్విటేషనల్స్‌లో, అంటే ఆహ్వాన టోర్నమెంట్లలో. ఆ పిల్లకి రూల్ తెలియక కాదు. భయానికి రూల్‌తో పనిలేదు.

చికాగో పశ్చిమ శివార్లలో ఒక పబ్లిక్ స్కూల్లో కెమిస్ట్రీ చెబుతూ ఈ జట్టుకి కోచ్‌గా ఉంటున్నాను. నేపర్‌విల్, అరోరా చుట్టుపక్కల మనవాళ్ల సంగతి వేరే చెప్పక్కర్లేదు. ప్రతి ఏడాదీ కొత్తగా చేరే పిల్లల్లో కొందరు తెలుగు పిల్లలే. ప్రతి ఏడాదీ అదే ఫోన్ కాల్ కూడా: "మేడమ్, మావాడికి రెండు నెగ్‌లు పడ్డాయట, ఇంక జాగ్రత్తగా ఆడమని చెప్పండి."

అపోహ: వంద శాతం తెలిస్తేనే బజర్ నొక్కాలి. లేకపోతే మైనస్.

ఈ నమ్మకం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు, మనం వచ్చిందీ అక్కడి నుంచే. ఎంసెట్‌లో నెగెటివ్ లేదు, తెలియకపోయినా ఏదో ఒక బబుల్ నింపి వచ్చేవాళ్లం. జేఈఈ అంటే లెక్క మారిపోతుంది: కరెక్టయితే నాలుగు, తప్పయితే మైనస్ ఒకటి. డౌటుంటే వదిలేయ్ అని కోచింగ్‌లో నూరిపోశారు. ఆ పరీక్షకి అది సరైన సలహానే. కానీ అక్కడ మీరు వదిలేసిన ప్రశ్న మీ పేపర్లోనే పడి ఉంటుంది. ఇక్కడ వదిలేసిన ప్రశ్న ఎదుటి బల్ల మీదికి పోతుంది. వాళ్లు దాన్ని తీసుకుని బోనస్ కూడా తింటారు.

లెక్క వేసి చూద్దాం. మీ జట్టు బోనస్‌లో ముప్పైకి సగటున 15 తెచ్చుకుంటుందనుకోండి. అప్పుడు టాసప్ విలువ 10 కాదు, 25. మైనస్ ఉన్న టోర్నమెంట్‌లో మధ్యలో నొక్కి తప్పు చెప్పారు, 5 పోయింది. మిగతా ప్రశ్న అవతలివాళ్లు తీరిగ్గా చివరి దాకా విని, చివరి క్లూ ఎలాగూ అందరికీ తెలిసేదే కాబట్టి, ఇంకో 25 పట్టుకుపోతారు. అంటే ఒప్పయితే 25 లాభం, తప్పయితే 30 తేడా. సమఉజ్జీ జట్టుతో ఆడుతుంటే నూటికి 55 పాళ్లు నమ్మకం ఉన్నా నొక్కడమే లాభం. పవర్ మార్క్ (ప్రశ్న మధ్యలో ఒక గుర్తు, దానికి ముందే నొక్కి ఒప్పు చెబితే అది పవర్, పదికి బదులు 15 వస్తుంది) ఇంకా దాటకపోతే, ఇంకా తక్కువ నమ్మకమైనా చాలు. మా లీగ్‌లో లాగా మైనస్ లేనిచోట సగం నమ్మకానికే లెక్క సరిపోతుంది. మన పిల్లలు 99 దాకా ఆగుతున్నారు. 99 వచ్చేసరికి ఆ జవాబు గదిలో అందరికీ వచ్చేసి ఉంటుంది.

ఎప్పుడు ఆగాలో కూడా చెబుతాను, లేకపోతే రేపు నామీదే పడతారు. అవతలి జట్టు అప్పటికే తప్పు చెప్పేసిందా? ఇక మీకు పోటీ లేదు. ప్రశ్న మొత్తం అయ్యేదాకా చేతులు కట్టుకుని వినండి. అలాంటప్పుడు తొందరపడి తప్పు చెప్పేవాళ్లని మాత్రం నేను కూడా తిడతాను. ఎదుటి జట్టు మరీ బలహీనమైతే ఇంకో వాక్యం ఆగినా నష్టం లేదు. ఆఖరి టాసప్‌లో బాగా ముందున్నా అంతే.

ఈ విషయంలో నేను చేసిన వెధవపని ఒకటుంది. కోచ్‌గా రెండో ఏడాది, ప్రాక్టీస్ గదిలో వైట్‌బోర్డ్ మీద నెగ్ చార్ట్ పెట్టాను. ఎవరికి ఎన్ని పడ్డాయో పేర్లతో సహా ఎర్ర మార్కర్‌తో. నెల తిరిగేసరికి నెగ్‌లు నిజంగానే తగ్గాయి. ప్రిన్సిపాల్‌కి గర్వంగా చెప్పుకున్నాను కూడా. తర్వాత ఒక శనివారం టోర్నమెంట్‌లో, మేము అలవోకగా కొట్టాల్సిన జట్టు మీద, ఏడు టాసప్‌లు మా పిల్లలు నోరు మెదపకుండా వదిలేశారు. తర్వాత అడిగితే ఏడింట్లో అయిదు తమకు తెలుసన్నారు. సోమవారం పొద్దున్నే వెళ్లి బోర్డు తుడిచాను. కాబట్టి అమ్మానాన్నలకి భయం ఉంటే నాకు కోపం రాదు. ఆ భయాన్ని నేనే గోడకెక్కించిన మనిషిని.

మీరు స్కోర్‌షీట్ చూసేటప్పుడు నెగ్ కాలమ్ నుంచి మొదలుపెట్టకండి. వాడు ఎన్ని టాసప్‌లు తెచ్చాడు, వాటిలో పవర్‌లు ఎన్ని, అది చూడండి. ఆరు టాసప్‌లు, రెండు నెగ్‌లు ఉన్న పిల్లాడు నా దృష్టిలో బ్రహ్మాండంగా ఆడినట్టు. ఒక టాసప్, సున్నా నెగ్‌లు ఉంటే నాకు టెన్షన్.

అపోహ: ఇదంతా వేలి వేగం. చివరి క్లూ మాత్రమే తెలిసినవాళ్లకి అలాగే అనిపిస్తుంది. కష్టమైన క్లూ ముందు, తేలికైనది చివర ఉంటుంది కదా, చివర్లో అందరూ ఒకేసారి నొక్కుతారు, అప్పుడు వేగమే మిగులుతుంది. మొదటి క్లూ తెలిసినవాడికి తొందర ఏముంది?

అపోహ: యాస వల్ల, ఉచ్చారణ వల్ల మార్కులు పోతాయి. పోవు. పుస్తకంలో చదివి ఎప్పుడూ నోటితో పలకని పేర్లని పిల్లలు రకరకాలుగా పలుకుతారు. స్పెల్లింగ్ ప్రకారం సబబుగా ఉంటే ఒప్పుకుంటాం. జవాబు సగమే చెబితే ప్రాంప్ట్ చేస్తాం, అంటే ఇంకాస్త చెప్పమని అడుగుతాం. నిజానికి కృష్ణదేవరాయలు అనే మాటని ఇక్కడి మోడరేటర్లు (ప్రశ్నలు చదివేవాళ్లు) పలికే తీరు వింటే ఎవరి యాస గురించి ఎవరు భయపడాలో మీకే అర్థమవుతుంది.

అపోహ: సైన్స్ బాగా వస్తే చాలు. ఇది కాస్త ఆగి చెప్పాల్సిందే. రెండేళ్ల క్రితం మా జూనియర్ జట్టులో నలుగురూ మన పిల్లలే, నలుగురూ బయాలజీయే. మైటోకాండ్రియా అనే మాట కోసం నాలుగు చేతులు లేచేవి. ఇరవై టాసప్‌ల ప్యాకెట్‌లో (ఒక మ్యాచ్‌కి సరిపడా ప్రశ్నల కట్టలో) సైన్స్ సుమారు నాలుగు. సాహిత్యం నాలుగు, చరిత్ర నాలుగు, తర్వాత చిత్రకళ, సంగీతం, మతాలు, పురాణాలు, తత్వశాస్త్రం. ఆ పదహారూ ఎవరాడాలి? వాళ్లలో ఒకడిని బతిమాలి పెయింటింగ్స్ వైపు తిప్పాను. వాళ్ల నాన్నగారు వచ్చి, "బొమ్మలు చూసుకుంటూ కూర్చుంటున్నాడండీ" అన్నారు. మరి అదే కదండీ ప్రాక్టీసు.

అపోహ: కోచింగ్ పెట్టించాలి. అక్కర్లేదు. పాత ప్యాకెట్లు వేలకొద్దీ ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతాయి, క్యూబీ రీడర్ అనే వెబ్‌సైట్‌లో ఒక్కో మాటా కనిపిస్తూ బజర్ నొక్కే ప్రాక్టీస్ కూడా పైసా ఖర్చు లేకుండా చేయొచ్చు. గంటకి యాభై డాలర్లు తీసుకుని అవే ప్యాకెట్లు చదివి వినిపించేవాళ్ల గురించి నాకు ఫార్వర్డ్‌లు పంపకండి దయచేసి.

అపోహ: ఇది ఉంటే ఐవీ లీగ్ సీటు ఖాయం. ఎవరు చెప్పారు?

స్పెల్లింగ్ బీలో గెలిచినవాడు ఇక్కడా గెలుస్తాడా అని బాలాజీ గుడిలో ప్రసాదం లైన్లో కూడా అడుగుతుంటారు. మన పిల్లలకి స్పెల్లింగ్ బీ లాంటివి పెట్టే నార్త్ సౌత్ ఫౌండేషన్ పోటీల నుంచి వచ్చే పిల్లలకి కూర్చుని చదివే ఓపిక ఉంటుంది, అది మంచిదే. కానీ బీలో ఒంటరిగా నిలబడతారు. ఇక్కడ బోనస్‌కి జట్టులో మిగతావాళ్లతో మాట్లాడి కెప్టెన్ ఒక జవాబు చెప్పాలి. కొందరికి ఆ మాట్లాడటమే కష్టం.

పెన్సిల్ పిల్ల సంగతికొస్తే, టాసప్‌లు చదివేటప్పుడు పెన్సిల్ నా దగ్గర పెట్టుకుంటున్నాను. బోనస్ వస్తే ఇస్తాను. మొదటి రోజు ప్రాక్టీస్‌లో రెండో వాక్యానికే నొక్కి చోళులు అంది. పల్లవులు. మొహం కందిపోయింది. పక్కవాడు, "పోన్లే, నేనైతే గుప్తులు అనేవాణ్ణి" అన్నాడు. ఆ వారం ఇంకో నాలుగు తప్పులు చెప్పింది, తొమ్మిది ఒప్పులు.

చివరిగా ఒక రూల్, ఇది అపోహ కాదు, ఎవరూ చెప్పరు కాబట్టి చెబుతున్నాను. మ్యాచ్ గదిలో కూర్చుని చూడొచ్చు, కానీ నోరు తెరవకూడదు. ఫిబ్రవరిలో ఒక అమ్మమ్మగారు, ఇండియా నుంచి కొత్తగా వచ్చారు, వెనక కుర్చీలో స్వెటర్ కప్పుకుని కూర్చున్నారు. పక్కన కూతురు చెవిలో తెలుగులో చెబుతోంది. టాసప్‌లో సూర్యుణ్ణి పండనుకుని ఎగిరిన పిల్లవాడి ప్రస్తావన వచ్చింది. "అయ్యో, ఆంజనేయుడు కదే!" అన్నారావిడ, గదంతా వినపడేలా. రెండు బల్లల మీదా మన పిల్లలున్నారు, ఇద్దరూ నవ్వాపుకుంటున్నారు. ఆ ప్రశ్న పక్కన పడేసి రిప్లేస్‌మెంట్ చదవాల్సి వచ్చింది, అది వాన్ గో మీద వచ్చింది, రెండు జట్లకీ తెలియలేదు.

బయటికెళ్తూ ఆవిడ నా దగ్గర ఆగారు. "నేను చెప్పింది కరెక్టేనా అమ్మా?"

"కరెక్టేనండీ."

"మరి మార్కులెందుకు వెయ్యలేదు?"