ట్రాక్ మీద ఇంటర్వెల్స్: అపోహలు - వాస్తవాలు

వైజాగ్ నేవీ మారథాన్ రిజిస్ట్రేషన్లు మొదలయ్యాయంటే చాలు, పొద్దున్నే ట్రాక్ మీద కొత్త ముఖాలు కనబడతాయి. బ్యాంకు ఉద్యోగులు, స్టీల్ ప్లాంటువాళ్లు, పిల్లల్ని స్కూల్ బస్సెక్కించే వేళకి ఇల్లు చేరాల్సిన అమ్మలు. ఇన్నాళ్లూ బీచ్ రోడ్డు మీద ఒకే వేగంతో పరిగెత్తారు. టైమింగ్ తగ్గడం ఆగిపోయేసరికి ఎవరో "ఇంటర్వెల్స్ చెయ్యండి" అన్నారు. అంటే కొంత దూరం వేగంగా పరిగెత్తి, కాస్త తేరుకుని, మళ్లీ వేగంగా పరిగెత్తడం. ఎలా చేయాలో మాత్రం చెప్పలేదు. వీళ్లచేత పరుగు తీయించడమే నా పని కాబట్టి, రోజూ చెవిన పడే మాటలు కొన్ని ఇక్కడ రాస్తున్నా.

అపోహ: ఇంటర్వెల్ అంటే ఒంట్లో ఉన్న బలమంతా పెట్టేయాలి.

పెట్టకూడదు. మిగతా తప్పులన్నీ దీన్నుంచే పుడతాయి. 5 కిలోమీటర్లు 25 నిమిషాల్లో పరిగెత్తే మనిషిని తీసుకోండి. కిలోమీటరుకు 5 నిమిషాలు, అంటే 400 మీటర్ల రౌండుకు 2 నిమిషాలు. ఆయన ఇంటర్వెల్ వేగం అదే, మహా అయితే నాలుగైదు సెకన్లు తక్కువ. కానీ మొదటి రోజు జరిగేది వేరు. మొదటి రౌండు 1:38, రెండోది 1:50, మూడోది 2:05, నాలుగోది 2:20. ఆ తర్వాత మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వంగిపోతారు. "ఇవాళ గట్టిగా కొట్టాను సార్" అంటారు కూడా.

గట్టిగా కొట్టినమాట నిజమే, శిక్షణ మాత్రం జరగలేదు. శరీరం ఆక్సిజన్‌ని వాడుకోగలిగిన గరిష్ఠ స్థాయికి దగ్గరగా వీలైనంత ఎక్కువసేపు గడపడం ఈ పరుగు ఉద్దేశం. మొదటి రౌండులోనే కాళ్లు చచ్చుబడితే ఆ స్థాయిలో గడిపేది చాలా కొద్దిసేపే. అందుకే నేను మొదటి రౌండు టైము పట్టించుకోను. చివరి రౌండు మొదటిదానికి రెండు మూడు సెకన్ల తేడాలో ఉందా లేదా అని చూస్తాను. అయిపోయాక "ఇంకోటి చేయగలను" అనిపించాలి. అయినా ఆ ఇంకోటి చేయకూడదు.

అపోహ: మధ్యలో రెస్ట్ ఎంత తగ్గిస్తే అంత గొప్ప.

ఈ పద్ధతికి 1930లలో ఒక రూపం తెచ్చినవాళ్లలో జర్మనీకి చెందిన కోచ్ వోల్డెమార్ గెర్ష్లర్, హృద్రోగ నిపుణుడు హెర్బర్ట్ రైన్‌డెల్ ముఖ్యులు. వాళ్ల లెక్కలో పరుగుతో నాడి నిమిషానికి 180 దాకా ఎక్కాలి, తిరిగి 120కి దిగాకే తర్వాతి పరుగు. దిగడానికి మరీ ఎక్కువసేపు పడితే పరుగే మితిమీరిందని అర్థం. గెర్ష్లర్ శిష్యుడు రుడాల్ఫ్ హార్బిగ్ 1939లో మిలాన్‌లో 800 మీటర్లు 1:46.6లో పరిగెత్తాడు. ఆ రికార్డు 1955 దాకా నిలిచింది. ఆ నాడి అంకెలు ఇవాళ అందరికీ అతకవు గానీ, తేరుకున్నాకే మళ్లీ పరిగెత్తాలన్న మాట మాత్రం చెక్కుచెదరలేదు.

నాకు ఇంకా ఇష్టమైన ఉదాహరణ రోజర్ బానిస్టర్. ఆయనా మనలాగే అమెచ్యూరే, వైద్య విద్యార్థి. 4 నిమిషాల్లోపు మైలు కోసం 440 గజాల (దాదాపు 400 మీటర్ల) రౌండ్లు పదేసి తీసేవాడు, మధ్యలో 2 నిమిషాల విరామం. నెలల తరబడి ఆ విరామం తగ్గించకుండా వేగం పెంచుకుంటూ వచ్చాడు. రౌండు 61 సెకన్ల దగ్గర ఆగిపోయింది. అప్పుడు పరుగు మానేసి స్కాట్లాండ్ కొండలెక్కడానికి వెళ్లాడు. తిరిగొచ్చాక 59 సెకన్లు పడింది. 1954 మే 6న మైలు 3:59.4లో ముగించాడు.

మీకైతే రౌండుకూ రౌండుకూ మధ్య 200 మీటర్ల మెల్లని జాగింగ్ చాలు. నిలబడిపోకండి, కూర్చోకండి, ఫోన్ తీయకండి.

అపోహ: మర్నాడు పిక్కల నొప్పికి కారణం లాక్టిక్ యాసిడ్.

ఆ యాసిడ్ దిగిపోవాలని నిమ్మరసం తాగేవాళ్లు కూడా నాకు తెలుసు. రక్తంలో పెరిగిన లాక్టేట్ (జనం లాక్టిక్ యాసిడ్ అనేది దీన్నే) పరుగు ఆపాక దాదాపు గంటలో మామూలు స్థాయికి వచ్చేస్తుంది. అదేమీ విషం కాదు, గుండె, కండరాలు దాన్ని ఇంధనంగా వాడుకుంటాయి. మర్నాడో మూడో నాడో మెట్లు దిగుతుంటే ప్రాణం తీసే నొప్పి, అలవాటు లేని శ్రమతో కండరాల పోగుల్లో కలిగిన సూక్ష్మమైన దెబ్బల వల్ల. నిమ్మరసం తాగండి, బాగుంటుంది.

అపోహ: వారానికి నాలుగు రోజులు చేస్తే నాలుగింతలు ఫలితం.

ఒక రోజు చాలు. కోచ్ జాక్ డేనియల్స్ చెప్పిన కొలత తేలికగా గుర్తుంటుంది: ఒక విడతలో ఈ వేగంతో పరిగెత్తే దూరం మీ వారం మొత్తం పరుగులో 8 శాతం దాటకూడదు. వారానికి 40 కిలోమీటర్లు పరిగెత్తేవాళ్లకు 3,200 మీటర్లు, అంటే 8 రౌండ్లు. 25 కిలోమీటర్లవాళ్లకు 5. మిగతా రోజులు పక్కవాళ్లతో కబుర్లు చెప్పుకోగలిగేంత మెల్లగా పరిగెత్తాలి. నైట్ షిఫ్ట్ దిగి నేరుగా ట్రాక్ మీదికొచ్చేవాళ్లను మాత్రం వెనక్కి పంపేస్తాను. నిద్ర లేని ఒంటికి ఇది శిక్షణ కాదు, శిక్ష.

అపోహ: వాచీ చెప్పిందే నిజం.

400 మీటర్లు అనేది మొదటి లేన్ కొలత. బయటికి జరిగేకొద్దీ ఒక్కో లేన్‌కి ఏడెనిమిది మీటర్లు పెరిగి, ఎనిమిదో లేన్‌లో రౌండు దాదాపు 453 మీటర్లవుతుంది. మొదటి లేన్ ఖాళీ లేక ఎనిమిదో లేన్‌లో పరిగెత్తినాయనకు, 400 మీటర్లకు 2 నిమిషాల వేగంతోనే రౌండుకు 2:16 పడుతుంది. "16 సెకన్లు పడిపోయాను" అని దిగులుపడతారు. వంపుల్లో జీపీఎస్ కూడా తడబడుతుంది, మణికట్టు మీద గుండె లెక్క ఆలస్యంగా ఎక్కుతుంది. గీత, స్టాప్‌వాచ్ చాలు. ఇక గుండె గరిష్ఠంగా నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకోగలదో చెప్పడానికి 220లోంచి వయసు తీసేసే లెక్క సగటుకు సంబంధించింది. మనిషికీ మనిషికీ పది పన్నెండు అంకెల తేడా మామూలే.

అపోహ: ట్రాక్ లేకపోతే కుదరదు.

కుదురుతుంది. బీచ్ రోడ్డులో బళ్లు రానివ్వని తెల్లవారుజామున 3 నిమిషాలు వేగంగా, 2 నిమిషాలు మెల్లగా పరిగెత్తండి. దూరం ఊసే వద్దు.

అపోహ: డిసెంబరులో వచ్చిన టైము మే నెలలోనూ రావాలి.

మన ఊళ్లో వేసవి ఉక్కపోత సంగతి తెలిసిందే. గాలిలో తేమ ఎక్కువైతే చెమట కారుతుంది గానీ ఆరదు, ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. చర్మానికి రక్తం ఎక్కువ పంపాల్సి వచ్చి, అదే వేగానికి గుండె ఎక్కువ కొట్టుకుంటుంది. కాబట్టి టైము చూడకుండా ఆయాసాన్ని బట్టి పరిగెత్తండి, రౌండ్లు తగ్గించండి. కళ్లు తిరిగినా, ఎండలో ఒళ్లు జలదరించినా వెంటనే ఆపి నీడకు వెళ్లి, ఒళ్లు తడుపుకుని, పక్కవాళ్లకు చెప్పండి. ఛాతీలో పట్టేసినట్టుంటే నేరుగా ఆసుపత్రికే. మే నెలలో 8 రౌండ్లకు బదులు 5 చేసి ఇంటికెళ్లేవాళ్లను నేనేమీ అనను.