విశాఖ ట్రాన్స్ పురుషులు, హార్మోన్ వైద్యం: ఇక్కడిదాకా ఎలా వచ్చాం

ట్రాన్స్ మహిళలకు గురువు, చేలాలు (శిష్యులు), జమాత్ (సమూహం) అంటూ తరతరాల కట్టు ఉంది. ఆపరేషన్ ఎక్కడ చేయించుకోవాలో, తర్వాత ఎవరు చూసుకుంటారో ఆ ఇంట్లోనే తెలుస్తుంది. ఆడపిల్లగా పెరిగి, తాను మగవాడినని తెలుసుకున్న కుర్రాడికి అలాంటి ఇల్లు లేదు. పెళ్లి సంబంధాల టెన్షన్ మధ్య సొంతింట్లోనే నోరు మూసుకుని ఉండిపోయాడు. విశాఖలో ట్రాన్స్ పురుషుల హార్మోన్ వైద్యం చుట్టూ ఉన్న చిక్కులన్నీ అక్కడే మొదలయ్యాయని నా నమ్మకం.

వైద్యం కొత్తదేమీ కాదు. మగ హార్మోన్ టెస్టోస్టెరాన్‌ను కృత్రిమంగా తయారుచేసింది 1935లో. నాలుగేళ్లకే బ్రిటన్‌లో మైకేల్ డిల్లన్ అనే ట్రాన్స్ పురుషుడు దాన్ని వాడడం మొదలుపెట్టారు. 1940లలో ప్లాస్టిక్ సర్జన్ హెరాల్డ్ గిల్లీస్ ఆయనకు ఆపరేషన్లు చేశారు. తర్వాత డిల్లన్ స్వయంగా డాక్టరయ్యారు. పత్రికలు ఆయన సంగతి బయటపెట్టడంతో భారతదేశం వచ్చేసి, బౌద్ధ దీక్ష తీసుకుని, 1962లో డల్హౌసీలో కన్నుమూశారు.

మన దగ్గర మలుపు 2014 ఏప్రిల్ 15న వచ్చింది. నల్సా (జాతీయ న్యాయసేవల సంస్థ) వేసిన కేసులో సుప్రీంకోర్టు, ఎవరి జెండర్ వాళ్లే చెప్పుకోవచ్చని, అందుకు ఆపరేషన్ చేయించుకోవాలని పట్టుబట్టడం చట్టవిరుద్ధమని తేల్చింది. 2020 జనవరిలో అమల్లోకి వచ్చిన ట్రాన్స్‌జెండర్ చట్టం హార్మోన్ చికిత్స, సర్జరీ, కౌన్సెలింగ్ ఏర్పాట్లను ప్రభుత్వాల బాధ్యత చేసింది. అదే చట్టం, సర్టిఫికెట్‌లో 'పురుషుడు' అని రావాలంటే ముందు ఆసుపత్రి నుంచి ఆపరేషన్ కాగితం తెమ్మంది. కోర్టు వద్దన్న షరతే మళ్లీ వచ్చి కూర్చుంది. 2022లో ట్రాన్స్ వాళ్ల కోసం పెట్టిన కేంద్ర ఆరోగ్య పథకం ఆయుష్మాన్ భారత్ టీజీ ప్లస్ కింద ఏడాదికి 5 లక్షల బీమా ప్రకటించారు.

కాగితాల సంగతి అలా ఉంచితే, నాకు తెలిసిన తమ్ముడొకడు గాజువాక వైపు ఉంటాడు. మే నెల ఉక్కపోతలో ఛాతీని అణిచి ఉంచే బైండర్ అనే లోబట్ట బిగుతుగా వేసుకుని ఓపీలో కూర్చుంటే, కౌంటర్ దగ్గర పాత పేరు గట్టిగా పిలిచారు. మీసం మొలుస్తున్న కుర్రాడు లేచి నిలబడేసరికి హాలంతా అతన్నే చూసింది. ఆ తర్వాత అతను ఆ ఆసుపత్రి గడప తొక్కలేదు. ఎంత డోసు, ఎన్నాళ్లకోసారి అన్నది వేరే ఊళ్లోని ఒక అన్నను ఫోన్లో అడిగి తెలుసుకున్నాడు.

నా భయమంతా ఇక్కడే. టెస్టోస్టెరాన్ మొదలుపెట్టిన కొన్ని నెలల్లో నెలసరి ఆగుతుంది, గొంతు బరువెక్కుతుంది. మందు మానేసినా ఆ గొంతు మళ్లీ పాతదవదు. రక్తంలో ఎర్రకణాలు మరీ పెరిగితే రక్తం చిక్కబడుతుంది, అందుకే పరీక్షలు చేయిస్తూ డోసు సరిచూడాలి. అన్న ఎంత ప్రేమగా చెప్పినా ఫోన్లో రక్తపరీక్ష చేయలేడు కదా.

ఈ వైద్యానికి ఆపరేషన్ థియేటర్ అక్కర్లేదు. 1923 నుంచి డాక్టర్లను తయారుచేస్తున్న ఆంధ్రా మెడికల్ కాలేజీ ఉన్న ఊరిది. షుగర్, థైరాయిడ్ చూసే ఎండోక్రినాలజీ డాక్టర్లే దీన్నీ చూడగలరు. ప్రభుత్వ ఆసుపత్రిలో వారానికో పూట ఓపీ పెట్టాలి, చీటీ మీద వైద్యానికి వచ్చినవాళ్లు చెప్పిన పేరే రాయాలి.