మతాలు వేరు కాబట్టే యుద్ధాలా? కొన్ని అపోహలు, వాస్తవాలు

అంతర్జాతీయ సంబంధాల మొదటి క్లాసులో నేను పుస్తకం తెరవను. ఇరాన్, అజర్‌బైజాన్, ఆర్మేనియా, ఇజ్రాయెల్ ఉన్న మ్యాప్ ఒకటి పంచి, మతాన్ని బట్టి ఎవరు ఎవరి పక్షమో పెన్సిల్‌తో గీతలు గీయమంటాను. షియాలు ఎక్కువున్న దేశాలు కదా అని దాదాపు అందరూ ఇరాన్‌ను అజర్‌బైజాన్‌తో కలుపుతారు. కాసేపటికి రబ్బరు కోసం వెతుక్కుంటారు.

అపోహ: ఒకే మతం వాళ్లు ఒకే పక్షం.

క్రైస్తవులు ఎక్కువున్న ఆర్మేనియాతో ఇరాన్‌కు ఏళ్లుగా మంచి సంబంధాలున్నాయి. అజర్‌బైజాన్‌కు ఆయుధాలు అమ్మే ముఖ్యమైన దేశాల్లో ఇజ్రాయెల్ ఒకటి. ఇరాన్‌లోనే అజర్‌బైజాన్ భాష అజెరీ మాట్లాడేవాళ్లు పెద్ద సంఖ్యలో ఉన్నారు. పక్కదేశం బలపడితే వాళ్ల మనసు అటు లాగుతుందేమోనని ఇరాన్ ప్రభుత్వం బెంగ. ఇది కొత్తదేం కాదు. ఫ్రాన్స్ మంత్రి రిషెల్యూ స్వయానా కాథలిక్ చర్చిలో పెద్ద మతాధికారి (కార్డినల్). 1628లో సొంత దేశపు ప్రొటెస్టెంట్ల కోట లా రోషెల్‌ను లొంగదీసిన ఆయనే, 1631లో ప్రొటెస్టెంట్ స్వీడన్‌కు డబ్బిచ్చి జర్మన్ ప్రాంతాలను ఏలే కాథలిక్ పవిత్ర రోమన్ చక్రవర్తి మీద యుద్ధం చేయించాడు.

అపోహ: అయితే మతానికి యుద్ధంతో సంబంధమే లేదు.

రెండో వారానికల్లా విద్యార్థులు ఈ మాట అంటారు. ఇదీ తప్పే. 1980లో ఇరాన్, ఇరాక్‌ల మధ్య గొడవ సరిహద్దులోని షత్ అల్ అరబ్ నది గురించి, ఇరాన్ మత విప్లవం తమ దేశానికి పాకుతుందన్న ఇరాక్ అధ్యక్షుడు సద్దాం భయం గురించి. ఇరాక్ సైన్యంలోని షియాలు ఇరాన్ మీద పోరాడారు కూడా. కానీ జనాన్ని సరిహద్దుకు పంపడానికి పనికొచ్చింది మతమే. పవిత్ర యుద్ధమని ఒకసారి పేరు పెట్టాక మధ్యలో రాజీపడటం కష్టం. ఇరాక్ ఆక్రమించిన భూమి చాలావరకు 1982కే ఇరాన్ చేతికి తిరిగొచ్చింది. అయినా యుద్ధం మరో ఆరేళ్లు సాగింది. 1988లో కాల్పుల విరమణకు ఒప్పుకుంటూ ఇరాన్ అధినేత ఖొమేనీ దాన్ని విషం తాగడంతో పోల్చారు. సరిహద్దు దాదాపు ఎక్కడిదక్కడే ఉంది.

మతం యుద్ధాన్ని ఆపిన సందర్భాలూ లేకపోలేదు. 1978లో దక్షిణ అమెరికా దక్షిణ కొసన ఉన్న బీగిల్ జలసంధి దీవుల కోసం యుద్ధం అంచుదాకా వెళ్లిన అర్జెంటీనా, చిలీలు పోప్ మధ్యవర్తిత్వంతో 1984లో ఒప్పందం చేసుకున్నాయి.

అపోహ: సంస్కృతి తేడా అంటే షేక్‌హ్యాండ్, టేబుల్ మర్యాదలు.

వాటిలో తప్పు జరిగితే ‘సారీ’ చెబితే చాలు. చిక్కంతా మాటలతోనే. ఇటలీ, ఇథియోపియాల మధ్య 1889లో కుదిరిన వుచాలే ఒప్పందంలో 17వ అధికరణం చూడండి. ఇతర దేశాలతో వ్యవహారాలకు ఇథియోపియా ఇటలీ సాయం తీసుకోవచ్చని ఇథియోపియా భాష అమ్హారిక్‌లోని ప్రతిలో ఉంది. ఇటాలియన్ ప్రతి ప్రకారం తీసుకుని తీరాలి. దాన్ని చూపించి ఇథియోపియా తన రక్షణలోని దేశమని ఇటలీ ప్రకటించుకుంది. చక్రవర్తి మెనెలిక్ ఒప్పందాన్ని తోసిపుచ్చాడు. 1896లో అద్వా దగ్గర ఇటలీ సైన్యం చిత్తుగా ఓడింది. ఇరువైపులా క్రైస్తవ ప్రభువులే.

అపోహ: యుద్ధం ఆగితే ఖర్చూ ఆగుతుంది.

మతం పేరు వినగానే మనం లెక్కలు అడగడం మానేస్తాం, అందుకే ఈ భ్రమ. ఇరాన్‌తో యుద్ధంలో ఇరాక్ కువైట్‌కు బాకీపడింది. యుద్ధం ముగిసిన రెండేళ్లకే కువైట్‌ను ఆక్రమించడానికి ఆ అప్పూ ఒక కారణం. లావోస్ మీద 1964-73 మధ్య అమెరికా వేసిన బాంబుల్లో పేలనివి ఇప్పటికీ పొలాల్లో దొరుకుతున్నాయి. మొదటి ప్రపంచయుద్ధం బాండ్ల అప్పులో మిగిలినది బ్రిటన్ 2015లో తీర్చింది. అమెరికా అంతర్యుద్ధం 1865లో ముగిసింది. అందులో పోరాడిన ఒక సైనికుడికి ముసలితనంలో పుట్టిన కూతురికి నెలకు 73 డాలర్ల 13 సెంట్ల పింఛను 2020 దాకా వెళ్తూనే ఉంది.